ఒకే రోహిణి, రెండు గడులు

బ్లాక్ ఆఫీసులో పని ఒక్క రోజులో అయిపోయిన నాడు ఈ దేశంలో కుటుంబ వ్యవస్థ కుప్పకూలిపోతుంది! ఈ మాట నేను పూర్తి బాధ్యతతో అంటున్నాను.

నవ్వకండి. తెలుగు రాష్ట్రాల్లో మండలాఫీసు ఎలాగో, మా హిందీ రాష్ట్రంలో బ్లాక్ ఆఫీసు అలాగ. సర్టిఫికెట్లు ఆలస్యమవుతున్నాయని తిట్టేవాళ్ళంతా ఆ ఆలస్యం వల్ల కలిగే మేలు అనుభవిస్తూనే తిడుతున్నారు. టౌన్‌లో బారిడీహ్ క్వార్టర్లలో కూర్చుని ఫోన్లో పనులు కానిచ్చుకునే పెద్దమనుషులూ, మీ ముత్తాత పేరు చెప్పండి చూద్దాం! తెలియదు కదా? సువర్ణరేఖ నది దాటి మా పంచాయతీకి రండి. అర్ధరాత్రి లేపి అడిగినా నాలుగు తరాల పేర్లు గడగడా అప్పజెబుతారు. ఎందుకు? ఫారంలో రాశారు కాబట్టి. ఒకసారి కాదు. సిరా రంగు నచ్చలేదని ఒకసారి, ఫొటోలో చెవి కనబడలేదని ఒకసారి, పాత ఫారం రద్దయిందని ఒకసారి, కొత్త ఫారం ఇంకా రాలేదని మళ్ళీ పాత దాని మీద ఒకసారి! ఇన్నిసార్లు రాస్తే ముత్తాత ఎవరికైనా గుర్తుంటాడు.

ఆరోగ్యం సంగతి చూడండి. మా గౌరీశంకర్ బావి తవ్వుకోడానికి అనుమతి కోసం రెండేళ్ళు తిరిగాడు. ఒకటో కిటికీ నుంచి మూడో కిటికీకి, అక్కడి నుంచి జెరాక్స్ షాపుకి, అక్కడి నుంచి భోజనానికి వెళ్ళిన గుమాస్తా వెనకాల. ఆ నడకతో షుగర్ పూర్తిగా అదుపులోకి వచ్చింది. బావి రాలేదు. అయితే ఏం? ఇప్పుడు నీళ్ళు అంత అవసరం లేదంటాడు. దాహం షుగర్ ఉన్నప్పుడు కదా!

మురళి కొడుకు పుట్టిన సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టాడు. మొన్న ఆ కొడుకే నున్నగా గడ్డం గీసుకుని వెళ్ళి, సంతకం పెట్టి తెచ్చుకున్నాడు. పిల్లలు తమ కాళ్ళ మీద తాము నిలబడడమంటే ఇది కాదా?

ఇక సస్పెన్స్! దాని కోసం సినిమాకి వెళ్ళేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. మా బ్లాక్ ఆఫీసు లైనులో ఒక్క పూట నిలబడండి. సర్వర్ ఉందా? ఉంటే ఎంతసేపుంటుంది? బడా బాబు, అంటే హెడ్ క్లర్కు, సీట్లో లేడు. కానీ కుర్చీకి తువ్వాలు ఉంది. ఆ తువ్వాలు ఆయన వచ్చాడనడానికి సాక్ష్యమా, వెళ్ళిపోయాడనడానికా? గుండె గట్టివాళ్ళే ఈ ప్రశ్నను తట్టుకోగలరు.

ఇంత గొప్ప సంస్థ మీద మీకింకా అనుమానం ఉంటే, పోలరాజు కేసు చెబుతాను. కళ్ళారా చూసింది. చూసినంత మేర నిజం.

పోలరాజు మా పక్కింటివాడు. ప్లాంటులో కాంట్రాక్టు పని. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ జాగా కొని ఇల్లు వేశాడు, తర్వాత కాలం చేశాడు. పోలరాజు కూతురు శ్వేతకి నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది. మా వీధిలో నర్సింగ్ సీటొచ్చిన మొదటి పిల్ల. కాలేజీవాళ్ళు అడిగింది ఒకే ఒక్క కాగితం, స్థానిక నివాస ధ్రువపత్రం. శుక్రవారం సాయంత్రం నాలుగు లోపు ఆన్‌లైన్లో పెట్టకపోతే సీటు లిస్టులో తర్వాతి అమ్మాయికి వెళ్ళిపోతుంది. చేతిలో పన్నెండు రోజులున్నాయి.

ఒకటో కిటికీ దగ్గర అడిగితే, "వంశావళి లావో" అన్నారు, తెమ్మని. ఎవరికి ఎవరు పుట్టారో చెట్టులా గీసి, గడుల్లో పేర్లూ ఆధార్ నంబర్లూ నింపే కాగితం అది. చాలా తేలిక. ఉత్తరాది కుటుంబాలకి తేలిక.

పోలరాజు నింపాడు. అన్నిటికంటే పైన వాళ్ళ నాన్న, పక్కన అమ్మ నూకమ్మ. వాళ్ళకి ఇద్దరు పిల్లలు, పెద్దది ధనమ్మ, చిన్నవాడు పోలరాజు. ధనమ్మ కింద ఆమె కూతురు రోహిణి. పోలరాజు పక్కన అతని భార్య రోహిణి.

ఇద్దరు కాదు. ఒక్కతే! పోలరాజు అక్క కూతుర్నే చేసుకున్నాడు. మనకిందులో వింతేముంది? మనలో ఇలాంటి పెళ్ళి ఇంటికొకటుంటుంది. పిల్ల స్వభావం పుట్టినప్పటి నుంచీ తెలుసు, అత్తగారంటే అమ్మమ్మే, ఇక గొడవలు కొత్తగా నేర్చుకునే పనే లేదు.

కానీ కంప్యూటర్ మన చుట్టం కాదే! కింది గడిలో రోహిణి ఆధార్ కొట్టగానే ఒప్పుకుంది. పై గడిలో అదే నంబరు కొట్టగానే తెర ఎర్రబడింది.

"యే రోహిణీ దేవి కౌన్ హై?" అన్నాడు బడా బాబు.

"మేరా ఘర్‌వాలీ, సాబ్."

"ఔర్ యే నీచే వాలీ?"

"మేరా దీదీ కా బేటీ."

"దోనోం కా నంబర్ ఏక్ కైసే?"

"ఆద్మీ ఏక్ హీ హై నా, సాబ్!" అన్నాడు పోలరాజు, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

బడా బాబు టీ గ్లాసు కింద పెట్టాడు. ఇక్కడి నుంచి ఆయన హిందీని తెలుగులో చెబుతాను. ఆశ్చర్యం మాత్రం ఆయన సొంతం.

"అంటే... మేనమామతో పెళ్ళా? రామ్ రామ్!" అని చెవులు మూసుకున్నాడు. తర్వాత ఒక చెవి తెరిచి, "మరి ఆ పిల్ల ఇతన్ని ఏమని పిలుస్తుంది?" అన్నాడు. ఆసక్తి ఉన్న అధికారి!

శ్వేతని ముందుకి పిలిచి విచారణ మొదలుపెట్టాడు.

"నూకమ్మ నీకేమవుతుంది?"

"దాదీ," అంది శ్వేత.

"అంతేనా?"

"మమ్మీ కీ నానీ భీ."

"ధనమ్మ?"

"నానీ," అని శ్వేత ఒక్క క్షణం ఆగి వేళ్ళు లెక్కపెట్టుకుంది. "ఔర్... బువా."

చూశారా మహిమ? అమ్మమ్మే తనకు మేనత్త కూడా అవుతుందని పద్దెనిమిదేళ్ళ పిల్ల ఆ రోజే తెలుసుకుంది! ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి ధనమ్మని పుట్టినరోజుకి రెండు డ్రెస్సులు అడిగింది. బ్లాక్ ఆఫీసు లేకపోతే ఈ హక్కు సంగతి ఆమెకి ఎవరు చెప్పేవారు?

బడా బాబు ఊరికే కూర్చోలేదు. రోజుకో పరిష్కారం కనిపెట్టాడు. మొదట రెండో రోహిణిని తెమ్మన్నాడు. రెండో రోహిణి లేదంటే, లేనట్టు అఫిడవిట్ తెమ్మన్నాడు. తెస్తే, అందులో సంతకం రోహిణి పెట్టింది కాబట్టి ఏ రోహిణి పెట్టిందో రాయమన్నాడు. ఒక రోజు రోహిణిని పై గడిలోంచి తీసేసి చూశాడు. పోలరాజు బ్రహ్మచారి అయ్యాడు, శ్వేతకి తల్లి లేకుండా పోయింది. కింది గడిలోంచి తీసేస్తే ధనమ్మకి పిల్లలు లేకుండా పోయారు. మా వీధి మొత్తం ఆయన టేబుల్ చుట్టూ ఊపిరి బిగబట్టి చూస్తోంది.

రోహిణి మాత్రం ఒక్క మాటే అంది. "ఏ గడిలో ఉన్నా పొద్దున్నే వంట నానే కదా సెయ్యాలి!"

తొమ్మిదో రోజు నూకమ్మకి ఓపిక నశించింది. డెబ్బై రెండేళ్ళ మనిషి. కర్ర పట్టుకుని స్వయంగా వచ్చింది.

"ఏటిరా ఈడి గోల? నా మనవరాల్ని నా కొడుక్కి సేసుకున్నాను. ఈడింటి పిల్లనేటి అడిగినానా?"

"దాదీ, ధీరే బోలో నా! వో సున్ రహే హైఁ," అంది శ్వేత.

"ఇననీ! నానింకెవులికి సెప్తన్నాను?"

బడా బాబుకి తెలుగు రాదు. కర్ర అర్థమైంది. వెంటనే నిబంధనల పుస్తకం తీసి, ఒక దారి ఉందన్నాడు. ఇది మీ ఆచారమేనని రుజువు తెస్తే కంప్యూటర్ని పక్కనపెట్టి చేత్తో రాసి పైకి పంపవచ్చు. రుజువంటే? సాక్షులు. ఎంతమంది? "ఎంతమంది ఉంటే అంత మంచిది."

ఈ మాట తెలుగువాడితో అనకూడదు.

పోలరాజు ఆ రాత్రే టౌన్‌లో తెలుగువాళ్ళుండే బర్మామైన్స్‌కీ, భుయ్యాడీహ్‌కీ, బారిడీహ్‌కీ ఫోన్లు కొట్టాడు. శుక్రవారం మధ్యాహ్నానికి మూడు ఆటోలూ ఒక టెంపో వచ్చి బ్లాక్ ఆఫీసు ముందు ఆగాయి. ఇరవై ఆరు జంటలు దిగాయి! అందరూ మేనరికం వాళ్ళే. చేతుల్లో పెళ్ళి ఫొటోలు. కొన్నిటికి ఫ్రేము కూడా ఉంది, గోడ మీంచి మేకుతో సహా వచ్చింది. పట్టుచీరలు, పులిహోర డబ్బాలు, ఒకావిడ చేతిలో తాంబూలం పళ్ళెం.

"నువ్వెందుకొచ్చావురా పైడిబాబూ? నీది లవ్ మేరేజీ కదా!" అని ఎవరో నిలదీశారు.

"టెంపోలో జాగా ఉందన్నారు, ఎక్కేసినాం. మా ఆవిడ బ్లాక్ ఆఫీసు ఎప్పుడూ సూడనేదు," అన్నాడు పైడిబాబు.

బడా బాబు సాక్షుల్ని ఒక్కొక్కరినే విచారించాడు. భద్రమ్మ వంతు వచ్చింది. ఈయన నీకు మేనమామేనా అని అడిగాడు.

"పెళ్ళికి ముందు మావే బావూ. సెప్పిన మాట ఇనేవోడు. ఇప్పుడు ఉత్త మొగుడు," అంది భద్రమ్మ.

శ్వేత దీన్ని హిందీలోకి మార్చింది. "జీ, మామా హైఁ," అని ఊరుకుంది. మంచి నర్సవుతుంది. రోగికి ఎంత చెప్పాలో అంతే చెబుతుంది.

గంట మూడైంది. విచారించింది నలుగురిని. ఇలా అయితే ఎల్లుండికి కూడా తెమలదు. శ్వేత ఫోన్లో టైము చూసుకుంటూ పెదవి కొరుక్కుంటోంది. పోలరాజు చొక్కా వీపంతా తడిసిపోయింది. బడా బాబుకీ కంగారు పుట్టి, ఆఖరి అస్త్రం తీశాడు. సాక్షులందరూ ఒకేసారి తన ఎదుట హాజరైతే ఒకే సంతకంతో పని అయిపోతుందన్నాడు.

అందరూ అంటే యాభై ఇద్దరు. పైడిబాబు దంపతులతో యాభై నలుగురు. ఆ గది ముగ్గురు గుమాస్తాలకీ ఆరు బీరువాలకీ కట్టింది. అయినా లోపలికి తోసుకున్నారు. పట్టుచీరల్లో గాలి ఆడటం లేదు. ఫ్రేములు మోచేతుల్లో గుచ్చుకుంటున్నాయి. ఇంకా ఐదుగురు సాక్షులు, వాళ్ళతో పాటు నూకమ్మ గుమ్మం బయటే ఉన్నారు. బడా బాబు లెక్కపెట్టి, "ఐదుగురు తక్కువ, సంతకం పెట్టను," అన్నాడు.

గుమ్మంలోంచి నూకమ్మ కేక వినబడింది.

"ఆ తలుపు లోపలికి తెరిసి పెట్టినారేటర్రా? సగం గది అదే తినేసినాది! ఆ మూటని తీసి తలుపు ముయ్యండి, మేం కూడా పడతాం!"

నిజమే. తలుపు రెక్క గోడకి ఆనించి ఉంది. పాత ఫైళ్ళ మూట ఒకటి దాన్ని కదలకుండా పట్టుకుంది. ఎవరో మూటని లాగారు. బయటున్నవాళ్ళంతా లోపలికొచ్చారు. తలుపు మూసుకుంది.

తలుపు వెనక గోడ మీద ఒక నోటీసు బోర్డు ఉంది.

జనం తొక్కిడికి శ్వేత ముక్కు సరిగ్గా ఆ బోర్డుకే ఆనుకుంది. చదవక తప్పలేదు. పైకి చదివింది. పెద్దవాళ్ళకి అర్థం కావాలని తెలుగులో మళ్ళీ చెప్పింది. ఆమె నోట తెలుగు వినడం మాకు అదే మొదటిసారి.

"ఈ బ్లాకులో స్కూల్లో టెన్త్ పాసైతే... నివాస పత్రానికి మార్కుల షీటు, నాన్న ఓటరు కార్డు చాలంట. వంశావళి... అక్కర్లేదంట."

యాభై నలుగురు ఒకేసారి నోరు మూసుకోవడం నేను ఏ పెళ్ళిలోనూ చూడలేదు.

"బాబూ, ఇది నిజమేనా?" అన్నాను నేను.

"నిజమే," అన్నాడు బడా బాబు.

"మరి పన్నెండు రోజులుగా చెప్పలేదేం?"

"వీళ్ళు వంశావళి కోసం వచ్చారు. వంశావళి గురించి చెప్పాను. నివాస పత్రం గురించి నన్నెవరడిగారు?"

మార్కుల షీటు శ్వేత సంచిలోనే ఉంది. ఓటరు కార్డు పోలరాజు జేబులో ఉంది. ఎనిమిది నిమిషాల్లో ధ్రువపత్రం చేతికొచ్చింది. జెరాక్స్ షాపులో కూర్చుని అప్‌లోడ్ చేసేసరికి మూడు గంటల యాభై ఒకటి. సీటు నిలబడింది! భద్రమ్మ అక్కడికక్కడే పులిహోర పంచింది. బడా బాబుకి కూడా పెట్టింది. రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

పోలరాజు మాత్రం తినలేదు. పన్నెండు రోజులు డ్యూటీకి రాలేదని కాంట్రాక్టరు అతని గేట్ పాస్ ఇంకొకడికిచ్చేశాడు. ఆ కబురు పొద్దుటే వచ్చిందట. ఎవరికీ చెప్పలేదు.

"గుంటకి సెప్పకు అన్నియ్యా," అన్నాడు కూతురి వైపు చూస్తూ. "సోమారం నుంచి ఇంకో గేటు కాడ నిలబడతాను."

అంతా సర్దుకున్నాక నేను మళ్ళీ లోపలికి తొంగిచూశాను. బడా బాబు చెమట తుడుచుకుంటూ ఫైళ్ళ మూటని కాలితో తోసి తలుపుని మళ్ళీ గోడకి ఆనించాడు. గాలి ఆడటం లేదట. కిటికీ దగ్గర చంటిపిల్లని ఎత్తుకున్న ఒకావిడ, నివాస పత్రానికి ఏమేం తేవాలని అడుగుతోంది.

"వంశావళి లావో," అంటున్నారు లోపల్నుంచి.

నేను మూటని లాగబోయాను. ప్రభుత్వ తలుపుని ఎవరు పడితే వారు మూయకూడదని బడా బాబు ఆపేశాడు. లిఖితపూర్వకంగా కోరమన్నాడు. కోరాను. నా దరఖాస్తు పరిశీలనలో ఉంది.

ఈలోగా మీకు మా బ్లాక్ ఆఫీసులో పని పడితే ఒక్క సలహా. కాగితాలు ఎన్ని ఉన్నా లాభం లేదు. గది నిండేంత మంది చుట్టాల్ని తీసుకెళ్ళండి.