మీట్‌కు పాత అర్థం

ఒక పెద్ద అడవిలో, ఎండలకు వాగులన్నీ ఇంకిపోయి ఒకే ఒక్క మడుగు మిగిలిన ఏడాది, జంతువులన్నీ సభ పెట్టుకున్నాయి.

"నీళ్లకొచ్చినవాళ్లని వచ్చినట్టే తినేస్తుంటే ఎలా దొరా? దూరమైనా సరే, మేం కొండవతల అడవికి పోతాం" అంది చుక్కమ్మ అనే జింక. మిగతావన్నీ తలలూపాయి.

పులి ఆలోచనలో పడింది. అందరూ పోతే తను ఎవరికి రాజు?

"సరే, మడుగు దగ్గర మాంసం తినకూడదని చట్టం రాయండి" అంది మనసొప్పక.

రాసే పని నక్కది. దాని పేరు జంబులింగం. తెల్లదొరలు వదిలేసి వెళ్లిన వేట బంగళాలో పెరిగింది కనుక దానికి ఇంగ్లీషు వచ్చు.

"ఇంగ్లీషులో రాస్తా" అంది.

"తెలుగులో రాస్తే ఏం?" అంది చుక్కమ్మ.

"తెలుగులో రాస్తే అందరికీ అర్థమైపోతుందమ్మా. అర్థమైపోయాక దాన్ని చట్టమని ఎవరంటారు?"

సభకు ఆ మాట గొప్పగా తోచింది. మడుగు దగ్గర 'మీట్' తినరాదని ఇంగ్లీషులో బోర్డు లేచింది. మీట్ అంటే మాంసమని జంబులింగమే అందరికీ విడమర్చి చెప్పింది.

పులి డొక్కలు లోపలికి పోయాయి. నక్క సంగతి ఇంకా ఘోరం. పులి వదిలేసిన ఎముకలే దానికి ఆధారం మరి. ఆకలి మండి అది బంగళాకి పరుగెత్తి, చెదలు సగం తిన్న లావుపాటి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఒకటి లాక్కొచ్చింది.

మర్నాడు చుక్కమ్మ మీద కేసు పడింది. నేరం, మడుగు గట్టున గడ్డి మేయడం.

జడ్జి ఎలుగుబంటి. "గడ్డి మాంసమెలా అవుతుందయ్యా?" అంటూ వీపు గోక్కుంది.

"పూర్వం ఇంగ్లీషులో ఏ తిండినైనా మీట్ అనే అనేవాళ్లండి. గడ్డీ మీటే, తమరు నాకే తేనె కూడా మీటే. చట్టంలో మాటకి పాత అర్థమే అసలు అర్థం. తమలాంటి నైస్ జడ్జిగారికి నేను చెప్పాలా?"

ఎలుగుబంటి మురిసిపోయింది. నైస్ అంటే ఒకప్పుడు తెలివితక్కువవాడని అర్థమని కూడా ఆ పుస్తకంలోనే ఉంది. ఆ పేజీ మాత్రం నక్క తెరవలేదు.

"పాత అర్థమే చెల్లుతుంది" అని తీర్పొచ్చింది.

ఆ ఎండల్లో పచ్చిక మిగిలింది మడుగు చుట్టూనే. జింకపిల్లలు గడ్డిని ఎదురుగా పెట్టుకుని, డొక్కలెగరేస్తూ పడుకున్నాయి. కుందేళ్లూ పందులూ కోతులూ పస్తే. తేనెపట్టు వంక చూస్తూ జడ్జిగారు కూడా గుటకలు మింగారు. చివరికి అందరూ నక్క దగ్గరికే వెళ్లారు.

"చట్టం మార్చుకుందాం" అంది నక్క, ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు. "ఎవరి తిండి వాళ్లు తినొచ్చు. పులిదొర మాత్రం 'డీర్'ని తప్ప ఇంకెవర్నీ ముట్టకూడదు."

"డీర్ అంటే?" అంది ఒక కుందేలు.

"జింక."

"ఓస్, జింకేనా!" అని కుందేళ్లు చేతులెత్తాయి. పందులెత్తాయి. కోతులైతే రెండేసి ఎత్తాయి. అందరూ నిన్నటిదాకా చుక్కమ్మ పక్కన నిలబడి నీళ్లు తాగినవాళ్లే.

చుక్కమ్మ పిల్లని వెనక్కి నెట్టుకుంది. బతిమాలితే వినేవాళ్లు లేరని తెలిసిపోయింది.

"జంబులింగంగారూ, మీట్‌కి రెండర్థాలున్నాయన్నారు. మా పేరుకీ పాతదేదో ఉండే ఉంటుంది. కాస్త తీసి చదవండి, చచ్చేముందు వింటాం" అంది.

పాండిత్యం అడిగితే నక్క ఆగగలదా? పులి పక్కనే చతికిలబడి, నిఘంటువు ముందేసుకుని గొంతు సవరించుకుంది.

"డీర్. పూర్వం..."

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"చదవవేం?" అంది పులి.

"ఇక్కడ చెదలు కొట్టేశాయండీ."

ఎలుగుబంటి పుస్తకం లాక్కుని, గోరు ఆనించి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంది. "డీర్. పూర్వం... ఏ... జంతువైనా."

కోతులు ఎత్తిన చేతులు దించడం మర్చిపోయాయి.

"ఇప్పటి అర్థం తీసుకుందాం దొరా! ఇప్పటిదే అసలైంది!" అని నక్క గోలపెట్టింది.

"అదెలా కుదురుతుంది? పాతదే చెల్లుతుందని తీర్పిచ్చేశాం కదా" అంది ఎలుగుబంటి, మెల్లగా చెట్టెక్కుతూ.

పులి చుట్టూ చూసింది. జింకని పట్టాలంటే పరుగెత్తాలి. కోతిని పట్టాలంటే కొమ్మలెక్కాలి. పస్తులతో దానికి అంత ఓపిక లేదు. జంబులింగం మాత్రం చతికిలబడి పక్కనే ఉంది.

"నువ్వూ డీర్‌వే కదూ?" అంది పులి ఆప్యాయంగా.

పులి భోజనం ముగించేలోగా అడవి అడవంతా కొండ వైపు దౌడు తీసింది. దారిలో ఒక కుందేలు తల దించుకుని చుక్కమ్మ పక్కకు చేరింది.

"అత్తా, అక్కడా సభ పెట్టుకుందామా?"

చుక్కమ్మ దాని వంక చూసింది. తిట్టాలనిపించింది కానీ, రొప్పుతున్న ఆ చిన్న ప్రాణాన్ని చూసి ఊరుకుంది.

"పెట్టుకుందాం. చేతులెత్తేముందు అర్థం అడుగుదాం" అంది.

నీతి: చట్టానికి అర్థం చెప్పేవాడు పులికి కాస్త దూరంగా కూర్చుని చెప్పాలి.