కోదండం ఇంట్లో కరెంటు పెనాలు

ఏమయ్యా, నిన్నే. పదిమందికని తెచ్చిన వస్తువు "ఓసారి చూసి ఇచ్చేస్తాను" అని ఇంటికి పట్టుకెళ్లావు. చూడటం ఇంకా అవలేదా? సిగ్గుపడటం తర్వాత, ముందు కూర్చుని ఈ కథ విను.

ఒక పెద్ద అడవిలో వానాకాలం ముదిరింది. కట్టెలు తడిసిపోయాయి. ఏ ఇంట్లో పొయ్యి ముట్టించినా పొగే తప్ప మంట లేదు. కుందేలు పిచ్చమ్మ పిల్లలు పచ్చి దుంపలు తిని, కడుపు పట్టుకుని ఏడుస్తున్నారు.

ఆ ఏడే అడవికి కరెంటు వచ్చింది. అందుకని సభ కూడి, ఇంటికొక కరెంటు పెనం కొనాలని నిర్ణయించారు. ఏ రకం మంచిదో తేల్చడానికి కమిటీ వేశారు. దానికి పెద్ద కొండముచ్చు కోదండం. సభ్యుల్లో ఏనుగు ఏకాంబరం ఎవరేమన్నా తలూపుతాడు. కొంగ కామాక్షమ్మ ప్రతిదానికీ వంక పెడుతుంది. తాబేలు తాతారావుకి పాత పద్ధతులన్నీ కంఠతా వచ్చు.

వర్తకుడు మచ్చుకి మూడు పెనాలు పంపాడు. ఒకటి వెడల్పుగా, చదునుగా ఉంది. ఒకటి లోతుగా ఉంది, దానికి గాజు మూత. మూడోది తేలిక. వైరు ఊడదీసి కడుక్కోవచ్చు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఏ సరుకు ఎంచాలన్నా, సంగతి తేలేదాకా అది కమిటీ పెద్ద ఇంట్లోనే ఉండాలి. కోదండం మూడు పెనాలూ నెత్తిన పెట్టుకుని తన గుహకు వెళ్లాడు.

ఆ సాయంత్రం అతని భార్య సుందరమ్మ వెడల్పు పెనం మీద ఉల్లిపాయలు చల్లి అట్టు పోసింది. పుట్టినప్పటి నుంచీ ఆకులు నమిలిన కోదండం ఆ అట్టు అంచు కరకరమంటుంటే కళ్లు మూసుకున్నాడు.

"మనకీ ఒకటి వస్తుందిగా, తొందరగా తేల్చెయ్యండి," అంది సుందరమ్మ.

"పిచ్చిదానా, తేల్చితే ఇంటికొక్కటే. తేల్చకపోతే మనకి మూడు. పైగా అడవంతా పచ్చిది నములుతుంటే మనం వేడిగా తినడంలో ఉన్న రుచి, అందరూ వేడిగా తింటే ఉంటుందా?"

మర్నాడు కమిటీ కూర్చుంది.

"లోతుదే మేలు. పులుసు పెట్టినా పొంగదు," అంది కామాక్షమ్మ.

"పొంగదు సరే, అట్టు తిరగెయ్యాలంటే అట్లకాడ ఎలా దూరుతుంది?" అన్నాడు కోదండం.

"దూరదు, దూరదు," అన్నాడు ఏకాంబరం.

"పోనీ వెడల్పుది."

"పులుసు పెడితే?"

"పొంగుతుంది, పొంగుతుంది," అన్నాడు ఏకాంబరం.

అలా వారాలు గడిచాయి. కోదండం పొట్ట పెరిగింది. ఒకరోజు కమిటీ కోదండం గుహలో కూర్చుని ఉండగా, పిచ్చమ్మ తడుస్తూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అన్నయ్యగారూ, పిల్లలు వేడి ముద్ద లేక నీరసించిపోతున్నారు. ఎప్పటికి తేలుస్తారండీ?"

"తొందరపడి తేల్చేస్తే రేపు నష్టపోయేది నువ్వే తల్లీ," అన్నాడు కోదండం మూతి తుడుచుకుంటూ. "పైపూత ఊడితే ఎవరిది పూచీ? అయినా నలుగురం కూర్చుని తేల్చేయడం అన్యాయం. అడవిలో ప్రతి ప్రాణీ వచ్చి, రుచి చూసి, సరే అనాలి. అప్పుడే తేలినట్టు."

ఇంత వానలో ఎవరొస్తారులే అని అతని ధీమా.

మూల కూర్చున్న తాతారావు మెడ బయటపెట్టాడు. "ఇది కమిటీ నిర్ణయమే అనుకోమంటారా?"

"అనుకోవయ్యా."

"నిర్ణయమే, నిర్ణయమే," అన్నాడు ఏకాంబరం.

పిచ్చమ్మ ఇంటికి వెళ్లిపోయింది. తెల్లారేసరికి చేమాకు గొడుగు కింద పిల్లలందరినీ వెంటబెట్టుకుని మళ్లీ గుమ్మంలో ఉంది. చేసేది లేక కోదండం అట్లు పోశాడు. పిల్లలు పోటీపడి తిన్నారు.

"ఎలా ఉంది? సరేనా?" అన్నాడు కోదండం ఆశగా.

పిచ్చమ్మ ఆఖరి ముక్క నెమ్మదిగా నమిలింది. "బాగానే ఉందండీ. కానీ అంచు కాస్త మాడింది. తొందరపడి సరే అనేస్తే రేపు మీకే మాట వస్తుంది. రేపు లోతుదాంట్లో చూస్తాం."

ఆ మాట అడవంతా పాకింది. ఉడుతలొచ్చాయి, ముంగిసలొచ్చాయి, ముళ్లపందులు బంధువులతో సహా దిగాయి. అందరూ శుభ్రంగా తినేవారు, మూతి తుడుచుకునేవారు, తొందరేముంది, రేపు చూద్దాం అనేవారు. కామాక్షమ్మ పులుసులో ముక్కు ముంచి ఉప్పు చాలలేదంది. గుహ వెచ్చగా ఉందని కుందేలు పిల్లలు కోదండం పక్క మీదే నిద్రపోయారు.

పిండి రుబ్బి రుబ్బి కోదండం భుజాలు పడిపోయాయి. వేడి పెనానికి తగిలి తోక కొసన బొచ్చు కాలింది. చివరికి కమిటీని పిలిచాడు.

"వెడల్పుదే ఖాయం చేసేద్దాం. ఇంటికొకటి కొనిపించి పంచేయండి."

ఏకాంబరం అప్పుడే పదో అట్టు నోట్లో పెట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తల అడ్డంగా ఊపాడు. "అప్పుడేనా?"

"ప్రతి ప్రాణీ సరే అనాలని మీరే అన్నారు," అన్నాడు తాతారావు.

"అయితే ఈ పెనాలు మీ ఇంట్లో పెట్టుకోండి. నేను మోయలేను."

"తేలేదాకా కమిటీ పెద్ద ఇంట్లోనే ఉండాలండీ. ఆచారం."

కోదండం భార్య వైపు చూశాడు. ఆవిడ అట్టు తిరగేస్తూ తలెత్తకుండానే అంది: "ఇక్కడ పిల్లలకే చోటు చాలడం లేదు. మీరు ఆ ఎదుటి చెట్టెక్కి పడుకోండి."

అప్పటి నుంచి అతను వానలో చెట్టు కొమ్మ మీద ముడుచుకుని పడుకుంటున్నాడు. అందరూ తిన్నాక పిండి మిగలదు కనక మళ్లీ పచ్చి ఆకులే నములుతున్నాడు. తెల్లారితే చాలు, కింద నుంచి ఎవరో ఒకరు పిలుస్తారు: "కోదండంగారూ, పిండి రుబ్బారా?"

కనక విన్నవాడా, పదిమంది పెనం ఇంట్లో ఉంచుకోవాలని ఉంటే నిక్షేపంగా ఉంచుకో, కాకపోతే పడుకోవడానికి ముందే ఒక మంచి కొమ్మ చూసిపెట్టుకో.