ఇద్దరి క్యాంపింగుకు ఇరవై కుర్చీలు

మీరు నవ్వనంటేనే చెబుతాను. ఇప్పటికే నవ్వినవాళ్లు సూర్యాపేటలో సగం మంది, కోదాడలో మొత్తం ఉన్నారు. మీరన్నా కాస్త మర్యాదగా వినండి.

సూర్యాపేటలో నాకు టెంట్ హౌస్ ఉంది. పెళ్లికైనా, పుట్టినరోజుకైనా, చావుకైనా షామియానా మాదే. ఈ వెంకటేశం కుర్చీలో కూర్చోకుండా ఈ చుట్టుపక్కల ఎవరింట్లోనూ ఏ కార్యమూ జరగలేదు. అంతటి మనిషికి నా భార్య ఉమారాణి ఓ రోజు పప్పు వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె గాల్లోనే ఆపేసింది.

"పెండ్లయి పదిహేనేండ్లాయె. ఈ ఎండాకాలమన్న నన్ను ఊటీకి తీస్కపోతవా లేదా?"

"ఊటీల ఏమున్నదే? చలి."

"చలే గావాలె. అక్కా, వదినా, అత్తా అనుకుంట వచ్చి చాయ్ అడిగేటోళ్లు లేని జాగ గావాలె. నేను పొయ్యి ముట్టియ్యని ఒక్క రోజు గావాలె. లేకుంటే కోదాడల మా అమ్మ దగ్గరికి పోత. వానలు పడ్డంకనే వస్త."

చివరి మాట దగ్గర ఆమె గరిటెను పప్పుగిన్నెలో పడేసింది. నాకు పాపమనిపించింది. కానీ ఊటీ హోటళ్ల కిరాయి గుర్తొచ్చేసరికి నా మీద నాకే ఎక్కువ పాపమనిపించింది. సరిగ్గా అప్పుడే నా బుర్రలో ఓ ఐడియా పుట్టింది.

"క్యాంపింగ్ పోదాం!"

"అంటే?"

"చెరువుగట్టున టెంటేస్కొని పండుకునుడు. హైదరాబాదోళ్లు వేలకు వేలు పోసి పోతున్నరు. మనకైతే టెంటు ఇంట్లనే ఉండె."

ఉమ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "చుట్టాలు లేని చెరువు సూపెట్టు, వస్త," అంది.

అక్కడే పడింది చిక్కు. ఫోనులో మ్యాపు పెట్టుకుని కూర్చున్నాం. మిర్యాలగూడ వైపు వెళ్తే అక్కడ మా బ్రాంచి చూసుకునే బావమరిది ప్రవీణ్. కోదాడ వైపు వెళ్తే సాక్షాత్తూ అత్తగారు బుచ్చమ్మ. ఆత్మకూరు వైపు మా మేనత్త, చిలుకూరు వైపు ఉమ మేనమామ. ఎక్కడ నీళ్లుంటే అక్కడ మా చుట్టాలున్నారు. చేపలైనా అంతమంది ఉండవు.

చివరికి మఠంపల్లి దాటాక ఓ చిన్న చెరువు కనిపించింది. ఆ ఊళ్లో అటువాళ్లూ లేరు, ఇటువాళ్లూ లేరు.

"కొంగలు తప్ప ఎవ్వరుండరు," అన్నాను ధీమాగా.

"ఒక్క చుట్టం కనవడ్డా ఊటీయే. ఒట్టెయ్యి."

వేశాను. కొంగల మీద నాకు అంత నమ్మకం.

మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించాం. షామియానా, రెండు మంచాలు, ఇరవై కుర్చీలు, వంటకు పెద్ద డేగిశ, బియ్యం మూట, బ్యాటరీ మైకు సెట్టు.

"ఇద్దరికి ఇరవై కుర్చీలెందుకయ్యా?"

"షామియానా ఎంబడి కుర్చీలు పోవాలె. అది పద్ధతి."

"మరి డేగిశ?"

"డేగిశ లేకుండ షామియానా ఎన్నడన్న గడప దాటిందా? నీకు మా లైన్ సంగతి తెల్వదు, ఊకో."

చెరువుగట్టు నిజంగానే బాగుంది. గాలి, నీళ్లు, నేను చెప్పినట్టే కొంగలు. ఎర్ర పసుపు షామియానా గంటలో నిలబెట్టేశాను. చేతులు ఊరుకోక కుర్చీలు కూడా వరసగా వేశాను. వరసలు వేశాక అవి ఎటో ఓ వైపు చూడాలి కదా, నా మంచం వైపు తిప్పాను.

ఉమ ఆ రోజు తొలిసారి నవ్వింది. నా ఫోను తీసుకుని తనే ఆఫ్ చేసింది.

"నేను గట్టెంబడి జర నడిచొస్త. ఎనుక రాకు. 'ఉమా, నా తువ్వాల యాడున్నది' అని అరవకు," అని ఒక్కతే వెళ్లిపోయింది. చిన్నపిల్లలా చేతులూపుకుంటూ నడుస్తుంటే చూసి, నేనెంత మంచి మొగుడినో అనుకుని మురిసిపోయాను.

మంచం మీద వాలాను. ఈగలు ముసిరాయి. టేబుళ్ల మీద పరిచే తెల్లబట్ట ఒకటి తీసి తల నుంచి కాళ్ల దాకా కప్పుకుని నిద్రపోయాను.

ఇక తరువాతి సంగతంతా నాకు ఐలన్న చెప్పిందే. ఆ ఊళ్లో ఏ పరామర్శకైనా మొదట వెళ్లే పెద్దమనిషి ఆయన. పొలం నుంచి వస్తూ ఇటు చూశాడు. చెరువుగట్టు, షామియానా, వరసగా కుర్చీలు, ఎదురుగా మంచం మీద తెల్లబట్ట కప్పిన మనిషి. మా వైపు దానికి వేరే అర్థం లేదు. చెప్పులు విప్పి, వచ్చి ముందువరసలో కూర్చున్నాడు.

ఆయన్ని చూసి ఇంకొకరు, వాళ్లను చూసి ఊరంతా. కుర్చీలు నిండిపోయాయి. పోయిందెవరో ఎవరికీ తెలియదు, అయినా కొందరు ఏడ్చారట. మా జిల్లా మనుషులు అంత మంచివాళ్లు.

"అయ్యో, ఒక్క చుట్టమన్న లేకపాయె," అని ఐలన్న కుర్చీ వెనక రాసివున్న నంబరుకు ఫోన్ కొట్టాడు. అది నాది, ఆఫ్. దాని కింది నంబరుకు కొట్టాడు. అది మిర్యాలగూడ బ్రాంచి, అంటే ప్రవీణ్‌గాడు.

"మీ కుర్చీలున్న కాడ ఒకాయన పోయిండు బిడ్డా. ఎవలో ఏందో."

"ముఖం సూడలేదా తాతా?"

"ముఖం కప్పి ఉన్నది. పొట్ట మటుకు షామియానాకు తాకుతున్నది."

"అయ్యో, మా బావే!" అని ప్రవీణ్ గొల్లుమని, చుట్టాలందరికీ ఫోన్లు కొట్టాడు.

నాకు మెలకువ వచ్చేసరికి పొద్దు వాలింది, కాళ్ల మీద ఎవరో పడి ఏడుస్తున్నారు. గొంతు గుర్తుపట్టాను. అత్తగారు.

"ఓ అల్లుడో! మొన్ననే గదయ్యా వచ్చి గారెలన్నీ తిని పోయావు! మా ఫ్యాను బాగుచేయిస్తానన్నావు! ఇంక మా ఫ్యానెవరు బాగుచేయిస్తారయ్యో!"

"రేపు చేయిస్త అత్తా," అంటూ లేచి కూర్చున్నాను.

ఐలన్న కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. సగం మంది ఊళ్లోకి, సగం మంది చెరువులోకి పరుగెత్తారు. అత్తగారు మాత్రం కదల్లేదు. నన్ను గిల్లి చూసి, బతికే ఉన్నానని తేలాక వీపు మీద ఒక్కటిచ్చారు.

"బతికుండి ఇంతమందిని రప్పిస్తావా? మూడు కార్లు కిరాయికి మాట్లాడుకొని వచ్చాం!"

"బావా, మరి గీ దండేం జేయాలె?" అన్నాడు ప్రవీణ్, మనిషంత పూలదండ మోస్తూ.

అప్పుడొచ్చింది ఉమ, గట్టు అవతల చెట్టు కింద తనూ ఓ కునుకు తీసి లేచి, ఆ జనాన్ని చూసి పరుగున. వచ్చీ రాగానే నా మీద పడింది.

"గీడ గూడ ఆర్డర్ పట్టినవా? ఒక్క రోజు ఆగకపోతివి!"

"ఆర్డర్ గాదే! నేను సచ్చిపోయిన్నట."

"ఎవరు జెప్పిండ్రు?"

"కుర్చీలు."

ఆమె చుట్టూ చూసింది. కోదాడ, మిర్యాలగూడ, ఆత్మకూరు, చిలుకూరు, అందరూ దిగారు. వెనక నుంచి ఎవరో, "ఉమక్కా, ఏడ్చి ఏడ్చి గొంతెండింది, జర చాయ్ పెడ్తవా?" అన్నారు. ఉమ కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. నిజంగానే పోయుంటే బాగుండేదనిపించింది నాకు.

కొంగుతో కళ్లు తుడుచుకుని, నేరుగా వెళ్లి మైకు అందుకుంది. ఫూ ఫూ అని ఊది మరీ మొదలుపెట్టింది.

"అందరికి దండాలు. మా ఆయన మళ్ల లేచిండు. గా సంతోషంల మీకందరికి తనే సొంతంగ బగారన్నం వండి పెడ్తడు. నేను గరిటె ముట్ట."

చప్పట్లు మోగాయి. చెరువులో దిగినవాళ్లు కూడా పైకొచ్చారు.

"ఇంకో మాట. బతికి లేస్తే నన్ను ఊటీకి తీస్కపోతనని మా ఆయన మొక్కుకున్నడు."

"నేనెప్పుడు మొక్కిన్నే?" అన్నాను నీరసంగా.

"సచ్చిపోయినప్పుడు. నీకు యాదికుండదు."

"నేను విన్న!" అని ఐలన్న లేచి నిలబడ్డాడు. "మొక్కినంకనే లేచిండు."

"మొక్కంటే మాటలా? తీర్చకపోతే కళ్లు పోతాయి అల్లుడూ!" అన్నారు అత్తగారు. "నేనూ వస్తానే ఉమా."

"మొక్కు ఇద్దరికే అమ్మా," అంది ఉమ మైకులోనే.

మూడు రాళ్ల పొయ్యి పెట్టి, ఇరవై మందికి సరిపోయే డేగిశలో నూరు మందికి వండాను. పొగకు ముక్కూ కళ్లూ ఏకమయ్యాయి. ఉమ ముందువరసలో కూర్చుని ఇంకో కుర్చీ మీద కాళ్లు చాపుకుంది. పక్కనే ప్రవీణ్ నా ఫోన్ ఆన్ చేసి ఏదో నొక్కుతున్నాడు.

"అక్కా, టికెట్లు రెడీ. పైసలు కట్టనీకి బావ వేలు ఒక్కటి వెట్టాలె."

ఉమ లేచి వచ్చింది. నా చేతిలోని గరిటె పక్కన పెట్టి, మసాలా అంటిన నా బొటనవేలిని తన కొంగుతో ఎంతో ప్రేమగా తుడిచి, ఫోను మీద గట్టిగా నొక్కింది.