మా ఆవిడ, వాళ్ళ ఆవిడ

1941 మే ఎనిమిదో తేదీ, గురువారం. ఆ రాత్రి మా ఆవిడ డోరిన్ పుట్టింట్లో ఉడికిన బంగాళాదుంపలు, చక్కెర లేకుండా ఉడికించిన రూబార్బ్ కాడలు తిన్నారు. అప్పటికి డోరిన్‌కి ఆరేళ్ళు, చెల్లెలు ఎడ్నాకి నాలుగు. ఎడ్నా పులుపని మొహం చిట్లించి గిన్నె అవతలికి తోసేసింది. తొమ్మిదింటికి పడుకున్నారు. పన్నెండున్నరకి జర్మన్ బాంబర్ వచ్చింది.

కాబట్టి పాఠకులకు నేను మనవి చేసేదేమంటే, మా కెల్స్‌బీ ఊరికి జర్మన్ బాంబర్ని మించిన ఉపకారి ఇంతవరకు పుట్టలేదు.

నవ్వకండి. ఊరి చివర రేకుల షెడ్డులో హైంకెల్ రకం పాత జర్మన్ బాంబరు ఒకటి ఉంది. దాన్ని తోమడానికి, తుడవడానికి రిటైరైన మగవాళ్ళు నలభై మంది ఉన్నారు. పొద్దున పదింటికి వెళ్తే సాయంత్రం ఐదు దాటితేగానీ ఇళ్ళకు రారు. అంటే నలభై మంది ఇల్లాళ్ళు రోజుకి ఏడు గంటలు ప్రశాంతంగా బతుకుతున్నారు. ఏ ప్రభుత్వం చేసింది ఇంతటి సేవ?

ఆ విమానాన్ని వాళ్ళు ‘అది’ అనరు. ‘ఆవిడ’ అంటారు. మా ఆవిడ చనిపోయిన ఏడాది, ఇంట్లో గడియారం చప్పుడు భరించలేక నేనూ బుధవారాలు షెడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టాను. మొదటి రోజే టెడ్ పాస్కో, ఒకప్పటి బస్సు డ్రైవరు, దిగులుగా కనిపించాడు.

“ఆవిడకి నిన్నటినుంచి ఎడమవైపు పట్టేసింది. నూనె రాస్తేగానీ కదలట్లేదు.”

“అయ్యో, డాక్టరుకి చూపించారా?” అన్నాను.

“మా ఇంటావిడ కాదు గురూ, ఈవిడ. మా ఇంటావిడకి ఎక్కడ పట్టేసిందో నాకేం తెలుసు?”

ఈవిడ చరిత్ర ఘనమైనది. యుద్ధంలో దెబ్బ తిని పొలంలో దిగింది. ఒక రైతు కొట్టంలోకి లాగి పడేస్తే అరవై ఏళ్ళు అందులో కోళ్ళు గుడ్లు పెట్టాయి. ఆవిడ జన్మలో చేసిన మంచి పని నాకు తెలిసి అదొక్కటే. మావాళ్ళు కోళ్ళను తరిమేశారు. రెట్టను మాత్రం గీకి, తేదీ రాసి, సీసాలో భద్రపరిచారు.

ఈ భక్తబృందానికి అధ్యక్షుడు సెడ్రిక్ గాంట్. పళ్ళ డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. బతికున్న మనుషుల పళ్ళు ముప్పై ఏళ్ళపాటు కనికరం లేకుండా పీకిన ఆ మహానుభావుడు, విమానం మేకును ముట్టుకోవాలంటే మాత్రం మడి కట్టుకున్నట్టు తెల్ల తొడుగులు వేసుకుంటాడు. చూశారా, తుప్పు మనిషిని ఎంత మృదువుగా మారుస్తుందో!

షెడ్డు గుమ్మంలో నిలువెత్తు బోర్డు ఉంది. ఇంజన్ నంబర్లు, చక్రాల కొలతలు, ఐదుగురు సిబ్బంది పేర్లు, ఆఖరి ప్రయాణానికి ముందు వాళ్ళు తాగిన సూప్ ఏమిటో కూడా అందులో ఉంది. బాంబులు ఎన్ని కిలోలో ఉంది. ఎవరి మీద పడ్డాయో లేదు. చోటు చాలలేదట.

మా ఆవిడ బతికుండగా ఆ బోర్డు చూసి సెడ్రిక్‌కి ఉత్తరం రాసింది. ‘1941 మే ఎనిమిదిన చాపెల్ వీధిలో మా ఇంటి మీద హైంకెల్ బాంబు వేసింది. మా చెల్లెలు ఎడ్నా పోయింది. దాని పేరు ఒక మూల రాయించండి’ అని. వారం తిరక్కుండా ఉత్తరం వెనక్కి వచ్చింది, ఎర్రసిరా దిద్దుబాట్లతో. ‘అమ్మా, ఆ రాత్రి మీ వీధి మీదికి వచ్చింది హైంకెల్ కాదు, యుంకర్స్ అనే వేరే రకం. చిన్నతనం కదా, పొరబడి ఉంటారు. మా ఆవిడ ఆ రోజు మీ వైపు రానే లేదు’ అని కింద రాశాడు.

డోరిన్ దాన్ని నాలుగు మడతలు పెట్టింది.

“అయితే ఎడ్నా పొరపాటున పోయిందన్నమాట” అని టీకి నీళ్ళు పెట్టింది.

మరీ అంత తప్పా అది? నిద్రలో ఉన్న పసిపిల్ల లేచి కిటికీలోంచి రెక్కల ఆకారం చూసి, రకం నోట్ చేసుకున్న తరవాత కదా ఏడవడం మొదలుపెట్టాలి! మా రోజుల్లో పెంపకం అలా ఏడ్చింది.

ఆ ఇంట్లో మిగిలింది ఒక్క తలుపు. సామాన్ల గదిది. మా మామగారు వడ్రంగి. పుట్టినరోజు నాడు పిల్లల్ని ఆ తలుపుకి ఆనించి నిలబెట్టి, తల మీదుగా పెన్సిలుతో గీత గీసి, పేరూ వయసూ రాసేవాడు. ‘డోరిన్ 6’. ‘ఎడ్నా 4’. పెళ్ళయ్యాక మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆస్తి అదే. మా వంటింటి పక్కన సామాన్ల గదికి బిగించుకున్నాం.

ఆవిడ పోయాక ఆ తలుపు ఊడదీసి, టెడ్ వ్యానులో వేయించి, షెడ్డుకి తీసుకెళ్ళాను. సెడ్రిక్ తొడుగులు విప్పేసి మరీ దాన్ని తట్టి చూశాడు.

“మంచి తలుపేనోయ్ హ్యూబర్ట్. కానీ ఆవిడది కాదుగా.”

టెడ్ దాన్ని మళ్ళీ వ్యానులో ఎక్కించాడు. మా ఇంటికొచ్చి తనే బిగించి, బందులకు నూనె కూడా వేశాడు. షెడ్డులో ఆవిడ కోసం దాచిన ఖరీదైన నూనె అది. ఇలాంటివి నేను మర్చిపోను.

షెడ్డులో ఒక శాసనం ఉంది. విమానం మీద పాత పెన్సిలు గీత కనిపిస్తే చెరపకూడదు. ఏ జర్మన్ మెకానిక్కో రెక్క లోపల ‘7+5=12’ అని కూడిక వేసుకుంటే, దానికి గాజు బిగించి లైటు పెట్టారు. జనం వరసలో నిలబడి చూసి, ఏడూ అయిదూ నిజంగానే పన్నెండని తలలూపుతూ వెళ్తారు.

పోయిన చలికాలం ఒక బుధవారం అందరూ టీకి వెళ్ళారు. మా మామగారి పాత వడ్రంగి పెన్సిలు నా జేబులో ఉంది. బాంబుల అర తలుపు లోపలివైపు, అచ్చం ఆయన చేతిరాతలో, రెండే మాటలు రాశాను. ‘ఎడ్నా 4’.

మార్చిలో అది సెడ్రిక్ కంటపడింది. అందరినీ కేకేశాడు. లండన్ నుంచి నిపుణుడొకాయన భూతద్దంతో వచ్చి, పెన్సిలు నలభైల నాటిదేనని తేల్చాడు. నిజమే మరి. నాలుగంటే నాలుగో దళమని ఒకరు, నాలుగు దాడులని ఒకరు కొట్టుకున్నారు. జర్మనీలోనూ ఎడ్నాలు ఉంటారని సెడ్రిక్ పుస్తకం తెచ్చి చూపించాడు. చాలదన్న బోర్డులో చోటు దొరికింది: ‘ఎడ్నా. అజ్ఞాత జర్మన్ మెకానిక్ ప్రేయసి. నాలుగు అనేది ఎడబాటు నెలల లెక్క కావచ్చు.’

సెడ్రిక్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

“పాపం, ఆ పిల్ల ఏమైపోయిందోనోయ్ హ్యూబర్ట్.”

ఏమైపోయిందో నేను చెప్పగలను. కానీ విమానం రకం తప్పవుతుంది.

పైగా చెప్తే ఏమవుతుంది? అసలుది కాదని గంటలో స్పిరిట్ దూదితో తుడిచేస్తారు. చెప్పకపోతే, మా మరదలు తనని చంపడానికొచ్చిన వాళ్ళ ప్రియురాలిగా గాజు కింద వెలుగుతూ ఉంటుంది. విమానం ముట్టుకున్న పేరుకి లైటు పెడతారు. విమానం కూల్చిన ఇంట్లోని పేరుకి ఎర్రసిరా. నేను లైటునే ఎంచుకున్నాను. ఈ వ్యాసం వాళ్ళ కంటపడుతుందన్న భయం లేదు. ఇంజన్ నంబర్లు లేని కాగితం వాళ్ళు ముట్టరు.

టెడ్ ఒక్కడే ఆ గాజు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

“ఆ నాలుగంకె ఎక్కడో చూశాను గురూ.”

నేను చీపురు పట్టుకుని నేలకేసి చూస్తున్నాను.

“గుర్తు రావట్లేదులే” అని వెళ్ళి నాకూ ఒక కప్పు టీ తెచ్చాడు.

నిన్న సాయంత్రం రూబార్బ్ ఉడికించాను. చక్కెర దండిగా వేశాను. తిన్నంత తిని, మిగిలిన గిన్నె సామాన్ల గదిలో కింది అరలో, చిన్నపిల్ల చేతికందే ఎత్తులో పెట్టాను. ఎడ్నా గీత నా నడుం దగ్గరికి వస్తుంది. లైటు తీసేసి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాను.