పెట్టె బయల్దేరింది

మనిషి రెండు కాళ్ళ మీద లేచి నిలబడింది ప్రయాణం చేయడానికి కాదనీ, చేయబోయే ప్రయాణం గురించి ఒక నిర్ణయానికి రావడానికనీ సైదాబాద్ వాస్తవ్యులు శ్రీరామమూర్తిగారి నిశ్చితాభిప్రాయం. ఉద్యోగమంతా నీటిపారుదల శాఖలో ఫైళ్ళు చూడడంతో గడిచింది. (నీళ్ళు పారాయా లేదా అన్నది వేరే విభాగం.)

పెళ్ళయిన కొత్తలో ఆయన భార్య బాలత్రిపురసుందరికి ఒక మాటిచ్చారు. ధనుష్కోటిలో, రోడ్డు అయిపోయి సముద్రం మొదలయ్యే చోట ఆమెను నిలబెడతానని. అప్పటికింకా ఆయనకు ప్రమోషన్ రాలేదు, తొందరపడి మాటలిచ్చేవారు. ఆ మాట మీద నేటికీ పరిశీలన సాగుతూనే ఉంది. ఈ ఏడు దసరా వెళ్ళగానే ఆమె మోకాళ్ళకు ఆపరేషన్. ఇసుకలో నడిచే సరదాలు ఇక కట్టిపెట్టమన్నాడు డాక్టరు.

"ఈలోపే చూపించండి. మళ్ళీ అడగను," అందామె.

అడగను అన్న మాట మూర్తిగారికి బాగా నచ్చింది. ఆ పూటే కుటుంబ ప్రయాణ మండలి ఏర్పడింది. అధ్యక్షులు తామే. సాంకేతిక సలహాదారు కొడుకు భరద్వాజ్. పులిహోర, మందులు, దుప్పట్ల శాఖ ఆమెకు అప్పగించారు. కారు ఇంట్లోనే ఉంది. కొన్నప్పటి నుంచి అది చూసిన దూరదేశం శంషాబాద్ విమానాశ్రయం, అదీ ఇతరులను దింపడానికి.

భరద్వాజ్ ఫోన్‌లో మ్యాపు తీశాడు. "దారిలో రెండు రాత్రులు ఆగితే మూడోరోజుకి ధనుష్కోటి, నాన్నా."

"దానికి వర్జ్యం తెలుసా?"

"ట్రాఫిక్ తెలుసు."

"ట్రాఫిక్ ఉంటుంది, పోతుంది. వర్జ్యం దాటకుండా పోయినవాడు బాగుపడిన దాఖలా లేదు," అని మూర్తిగారు పంచాంగం తీశారు.

పంచాంగంలో వారశూల అని ఒకటుంది. ఏ వారం ఏ దిక్కుకు పోకూడదో చెబుతుంది. గురువారం దక్షిణం కూడదు, కాబట్టి గురువారం కొట్టేశారు. సోమ, శనివారాలు తూర్పు కూడదు. మదురై దాటాక రామేశ్వరం తూర్పున ఉంది (ఎవరు పెట్టారో!). మంగళ, బుధవారాలు ఉత్తరం కూడదు. బెంగళూరు చుట్టూ తిరిగే రింగురోడ్డు ఎటు పోతుందో దానికే తెలియదు. ఆదివారం మండలికి సెలవు. మిగిలింది శుక్రవారం. ఆ రోజు పడమర కూడదు. తీరా చూస్తే వాళ్ళ సందులోంచి మెయిన్‌రోడ్డుకు ఎక్కాలంటే పడమరకే పోవాలి.

ఇంకొకరైతే ఇక్కడే చేతులెత్తేసేవారు. మూర్తిగారు శాఖలో పనిచేసిన మనిషి. సందు చివరిదాకా కారు రివర్స్ గేరులో వెళ్తుందని ఉత్తర్వు వేశారు. ముఖం తూర్పుకే ఉంటుంది గనక అది పడమటి ప్రయాణం కిందికి రాదు. రిహార్సల్‌లో ఎదురింటి మాణిక్యమ్మ పూలకుండీ ఒకటి పగిలింది.

"ముంగటికి పోయెటోళ్ళు గింత ఎన్కకు పోతరా బిడ్డా?" అని అడిగిందామె.

మండలి ఆ ప్రశ్నను పరిశీలనకు స్వీకరించింది.

ఇంతలో భరద్వాజ్ ఆఫీసువాళ్ళు సెలవు ఇచ్చారు. ఇచ్చింది భాద్రపదంలో. అది శూన్యమాసం. మంచిపని ఏదీ మొదలుపెట్టరు. శ్రావణంలోనే బయల్దేరదామంటే సెలవు లేదు. పైగా చవితి ముంగిట ధూల్‌పేట్ నుంచి వినాయక విగ్రహాల లారీలు దారులన్నీ ఆక్రమించాయి. దేవుడికి ఎదురుపోతే దోషం, వెనకపోతే ఆలస్యం.

అప్పుడు మూర్తిగారికి పరస్తానం గుర్తొచ్చింది. మంచి ముహూర్తానికి కదలడం కుదరనివాళ్ళు, పోయే దిక్కున ఉన్న పొరుగింట్లో తమ సామాను ఒకటి పెడితే చాలు. ప్రయాణం మొదలైనట్టే లెక్క. తర్వాత తీరిక చిక్కినప్పుడు మనిషి వెళ్ళవచ్చు. దక్షిణం పక్కన ఉన్నది డానియేలు ఇల్లు. ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఒక ముసలి వ్యాను ఉంది. శ్రావణం చివరి మంచి ఘడియలో నీలం పెట్టె ప్రహరీ మీదుగా అతని చేతికి అందింది. అందులో బాలత్రిపురసుందరి చీరలూ, మూర్తిగారి మంకీ క్యాపూ ఉన్నాయి.

"మేము ధనుష్కోటి బయల్దేరాం డానియేలూ," అని చెప్పి మూర్తిగారు లోపలికి పోయి కాఫీ తాగారు.

కాసేపటికి డానియేలు గోడ మీదుగా తొంగిచూశాడు. "గిదేంది సార్, బయల్దేరినం అంటిరి, ఈడనే ఉన్నరు?"

"పెట్టె బయల్దేరింది. మేము వెనక వెళ్ళి కలుసుకుంటాం."

"మస్తుంది సార్. పెట్రోల్ ఖర్చు గూడ లేకపాయె."

చవితి వెళ్ళిన శుక్రవారం కారెక్కారు. రివర్స్ గేరు పడింది. భరద్వాజ్ తుమ్మాడు. దిగి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చున్నారు. లేచేసరికి రాహుకాలం. అది వెళ్ళేసరికి దుర్ముహూర్తం. దాని వెనకే వర్జ్యం. ఆపైన చీకటి. చీకట్లో ప్రయాణం క్షేమం కాదని పంచాంగం చెప్పకపోయినా మూర్తిగారు చెప్పారు. బాలత్రిపురసుందరి పులిహోర అందరికీ ఇంట్లోనే వడ్డించింది. మూర్తిగారు వచ్చే శుక్రవారం మరింత మంచిదని ప్రకటించారు.

బుధవారం డానియేలు వచ్చాడు. "సార్, రేపు వేలంకన్ని మాత జాతరకు పోతున్నం. ఇంటికి తాళమేస్తం. మీ పెట్టె ఇచ్చెయ్యాల్నా?"

మూర్తిగారు ఉలిక్కిపడ్డారు. "వెనక్కి తెచ్చావా, ప్రయాణం రద్దయిపోతుంది! దాన్ని ఉత్తరానికి కదిలించకు."

"మరెట్ల సార్?"

"వేలంకన్ని దక్షిణమేగా? వెంట తీసుకుపో. నిబంధనలకు అనుకూలమే."

గురువారం తెల్లారి డానియేలు, అతని భార్య షారోన్ వ్యానులో సామాను సర్దుతున్నారు. నీలం పెట్టె పైకెక్కింది. దాని వెనకే మోకాళ్ళు పట్టుకుని, ఒక్కో మెట్టూ మెల్లగా బాలత్రిపురసుందరి ఎక్కింది.

"ఇదేమిటి? ఇవాళ గురువారం! దక్షిణం శూల!" అన్నారు మూర్తిగారు గేటు దగ్గర నుంచి.

"నేను శ్రావణంలోనే బయల్దేరానండీ. మంచి ఘడియ చూసి మీరే బయల్దేరదీశారు. ఇప్పుడు దారి నడుమ ఉన్నాను."

మూర్తిగారు నిబంధనలన్నీ మనసులో తిరగేశారు. ఆమె మాటకు అడ్డం వచ్చేది ఒక్కటీ కనబడలేదు.

"మీరూ రండి సార్, జాగా ఉన్నది," అని షారోన్ సంచీ పక్కకు జరిపింది.

"ఏ రూటు డానియేలూ?"

"అడుక్కుంట పోతం సార్. వేలంకన్ని కాడికెళ్ళి అమ్మను ధనుష్కోటి గూడ తోల్కపోత. ఫికర్ చెయ్యకున్రి."

ఎక్కాలనే అనిపించింది ఆయనకు. నిజంగానే అనిపించింది. ఒక చెయ్యి వ్యాను తలుపు మీద వేశారు కూడా. రెండో చేతికి వాచీ ఉంది. వర్జ్యం పోవడానికి ఇంకా కాస్త ఉంది. ఆ కాస్తలో వ్యాను ఫలక్‌నుమా వైపు వెళ్ళిపోయింది, ముందుకే.

తర్వాతి శుక్రవారానికి సెలవు అయిపోయి భరద్వాజ్ ఆఫీసుకు పోయాడు. మరి రెండు రోజులకు ఫోన్ మోగింది. తెరమీద ఇసుక, అటూ ఇటూ నీళ్ళు, తడిసిన చీరకుచ్చిళ్ళు, వెనక మూర్తిగారి మంకీ క్యాపు పెట్టుకుని డానియేలు.

"ఏమండీ, రోడ్డు అయిపోయింది. ఇక అంతా సముద్రమే," అంది బాలత్రిపురసుందరి.

మూర్తిగారు అలవాటైన ప్రశ్నే అడిగారు. "చేరేసరికి టైమెంతయింది?"

"చూసుకోలేదండీ. మీరుంటే చూసేవారు."

ఫోన్ పెట్టేశాక మూర్తిగారు పంచాంగం తీశారు. ఆపైన బాధ్యత గుర్తొచ్చి మెసేజ్ పెట్టారు. 'మంగళ, బుధవారాలు ఉత్తరం కూడదు. తిరుగు ప్రయాణానికి ప్లాను వేస్తున్నాను. అది తేలేదాకా అక్కడే ఉండు.'

జవాబు వెంటనే వచ్చింది.

'అలాగేనండీ. నిదానంగా వెయ్యండి.'