ఒక్క పూటలో పట్టిన చెమ్మ

ఆ శనివారం పొద్దున వాళ్ళు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా రాక్షసుడి బూట్లకు మట్టి అంటించడం, తొమ్మిదిన్నరకల్లా ఇల్లు సర్దడం, పదింటికి ఇంటావిడ వచ్చేసరికి బుద్ధిమంతుల్లా కుర్చీల్లో కూర్చుని ఉండటం.

రాక్షసుడంటే బొటనవేలంత. బల్ల మీద పాచికలు వేసి ఆడే ఊహాలోకపు యుద్ధం ఆటకు కావలసిన సైన్యానికి, ఒక్కొక్క సైనికుణ్ణీ చేత్తో పట్టుకుని, మూడు వెంట్రుకల కుంచెతో రంగులు వేసుకోవడం అతనికి పెళ్ళికి ముందు నుంచీ ఉన్న పిచ్చి. పెళ్ళయిన మొదటి వారంలో ఆమె ఆ సైన్యాన్ని చూసి పడీ పడీ నవ్వింది. రెండో వారంలో "పాపం, వీళ్ళంతా గాల్లో నిలబడ్డారేంటి?" అంది. మూడో వారానికి వాళ్ళ కాళ్ళ కింద నేల తయారుచేసే పని తనే తీసుకుంది. నాణెమంత బిళ్ళ మీద తెల్ల జిగురు పూసి, ఇసుక చల్లి, బెరడు ముక్కలతో బండరాళ్ళు నిలబెట్టి, వాడేసిన టీ పొడిని ఎండబెట్టి మట్టి చేసి, చివర్న చిటికెడు ఆకుపచ్చ పొడితో నాచు పట్టించేది. అప్పటి నుంచి అతను ఆమెకు సేనాపతి, ఆమె అతనికి భూదేవి. అదీ నలుగురూ లేనప్పుడే.

పదకొండు ఇళ్ళు చూశాక దొరికిన ఇల్లు అది. ఉత్తరం వైపు కిటికీ, కిటికీ కింద ఇద్దరి మోచేతులూ తగిలీ తగలనట్టు పట్టేంత బల్ల, మధ్యాహ్నం దాకా నీడ కదలని వెలుతురు. ఆ వెలుతురు కోసమైనా ఇక్కడే ముసలివాళ్ళమైపోదామని ఇద్దరూ అనుకున్నారు. కాని ఇంటావిడ ఒక పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. మూడు నెలలు పరిశీలనలో ఉంచి గాని అగ్రిమెంటు రాయనంది. "మనుషులు ఎలా ఉన్నా సర్దుకుంటానమ్మా. నా గోడలకి మాత్రం ఏమీ కాకూడదు," అని మొదటి రోజే చెప్పింది. ఆ మూడు నెలలూ ఇవాళ్టితో పూర్తి.

ఎనిమిదిన్నరకు అతను గోధుమ రంగు సీసాను తలకిందులుగా పట్టుకుని ఊపాడు.

"మూతి పూడిపోయినట్టుంది."

"సూదితో పొడవండి."

"సూది వెతికేలోపు ఒక్క నొక్కు నొక్కితే వచ్చేస్తుంది."

"పోయినసారి కూడా ఇలాగే అన్నారు."

నొక్కాడు. ముందు మూతి వచ్చింది. దాని వెనకాల సీసాలో ఉన్నదంతా వచ్చింది.

అది మామూలు రంగైతే తుడిస్తే పోయేది. అది 'వాష్' అనే పల్చటి రంగు. బొమ్మ మీద ఒక్క చుక్క వేస్తే కవచం సందుల్లోకి, ముడతల్లోకి పారి, కొత్త వస్తువును వందేళ్ళ పాతదిగా చూపించడమే దాని వృత్తి. బల్ల వెనక మీగడ రంగు గోడకు తగలగానే అది తన పని తను మొదలుపెట్టింది. ఆమె తడిగుడ్డతో తుడిచింది. అరచేయంత ఉన్న మరక కంచమంత అయింది.

"కంగారు పడకు. నా చేతిలో ఎన్ని రంగులు లేవు? మీగడ రంగు కలిపి పైన ఒక్క పూత వేస్తే సరి," అన్నాడు సేనాపతి.

వేశాడు. ఆమె జుట్టు ఆరబెట్టుకునే యంత్రం పట్టి ఆరబెట్టింది. ఆరాక చూస్తే పాత గోడ మధ్యలో కొత్త పూత గుండుకు పెట్టిన బొట్టులా మెరిసిపోతోంది.

"మరీ కొత్తగా ఉందండీ."

"అవును. చుట్టూ కాస్త పాతబరచాలి."

అక్కడే పొరపాటు జరిగింది. పాతబరచడం అతనికి బాగా వచ్చు. మిగిలిన వాష్‌ను నీళ్ళతో పల్చన చేసి అంచుల మీద పారించాడు. అది ఆరుతూ ముదురు గోధుమ రంగు గీత కట్టింది. గీతను మెత్తబరచడానికి డ్రై బ్రష్ చేశాడు. అంటే కుంచెలో రంగంతా గుడ్డకు తుడిచేసి, ఉందా లేదా అన్నంత తడితో గరుకు మీద అలా అలా రాసుకుంటూ పోవడం. దాంతో గోడలో ఉన్న ప్రతి గుంటా, ప్రతి గడ్డా కళ్ళకు కట్టాయి. ఇద్దరూ మాట్లాడటం మానేశారు. బొమ్మలు వేసేటప్పుడు కూడా వాళ్ళింతే.

"కింద అంచు ఇంకాస్త ముదురుండాలేమో?" అంది ఆమె కాసేపటికి.

"ఉండాలి. నీళ్ళు కిందకే కదా దిగేది."

"మూల కొంచెం బోసిగా ఉంది." ఆమె జిగురు అద్ది, మునివేళ్ళతో నాచు పొడి చల్లింది. పొడి నిలిచింది. ఆ ముచ్చట చూడగానే ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. వంటింట్లోకి పరుగెత్తి వంటసోడా తెచ్చి, జిగురులో కలిపి, పైన అక్కడక్కడా అద్దింది. గోడ ఉప్పు పూసినట్టు తెల్లగా ఉబ్బింది.

ఇద్దరూ మూడడుగులు వెనక్కి వేసి నిలబడ్డారు.

"భూదేవీ," అన్నాడు అతను, "ఇంత బాగా నేనెప్పుడూ వెయ్యలేదు."

"నిజమండీ. ముట్టుకుంటే చెయ్యి తడవాల్సిందే అన్నట్టుంది."

ఆ తర్వాతే ఇద్దరికీ ఒకేసారి స్ఫురించింది, తాము ఇంటావిడ గోడకు చెమ్మ పట్టించారని. అప్పుడే తలుపు చప్పుడైంది. ఇంటావిడ జీవితంలో ఏ డ్యూటీకీ టైముకు వెళ్ళలేదు. ఎప్పుడూ పావుగంట ముందే.

"పదకొండింటికి ఇంకో జంట ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. మీదో వాళ్ళదో ఇవాళ తేల్చేస్తా," అంటూ లోపలికి వచ్చిన మనిషి గోడ ముందు ఆగిపోయింది. కళ్ళజోడు పెట్టుకుంది. వంగి చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి ఉందిది?"

అబద్ధం ఆడటం చేతకాక అతను నిజమే చెప్పాడు. "ఇవాళ పొద్దున్నుంచే, ఆంటీ."

"ఒక్క పూటలో ఇంత పాకిందా! అయితే కేసు సీరియస్సే."

భార్య నోరు తెరిచేలోపే ఇంటావిడ వరండాలోకి వెళ్ళి పైకి కేకేసింది. అదే ఊపులో వీధి చివర ప్లంబర్‌కు ఫోన్ చేసింది. పై వాటాలో ఉండేది రైలు గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన. ఒక్కరే ఉంటారు. పోయిన నెలే స్నానాల గదికి ఏరికోరి నీలం పలకలు వేయించుకుని, వాటిని చూడ్డానికి ఈ జంటను ప్రత్యేకంగా పిలిచారు కూడా.

"ముప్ఫై నాలుగేళ్ళు బండి వెనకాల నిలబడ్డానమ్మా. ఒక్క పంపు కట్టెయ్యడం మర్చిపోతానా?" అంటూ దిగివచ్చిన గార్డుగారు గోడను చూడగానే తగ్గిపోయారు. "ఇదేంటి ఇంత పని జరిగిందీ!"

ప్లంబర్ వచ్చి గోడ మీద చెయ్యి వేశాడు. తీసి చూసుకున్నాడు. చెయ్యి పొడిగా ఉంది. మళ్ళీ వేశాడు. మళ్ళీ పొడిగానే ఉంది. ఇంటావిడ తన వంకే చూస్తోందని గ్రహించి గొంతు సవరించుకున్నాడు.

"పైకి ఆరినట్టు కనిపిస్తుందమ్మా. లోపల పీల్చేసింది. ఇది చాలా ముదురు రకం."

"మందేంటి?"

"పైన బాత్‌రూములో జాయింటు పోయింది. పలకలు లేపి చూడాల్సిందే."

"నా నీలం పలకలా?" గార్డుగారు కుర్చీ పట్టుకున్నారు.

"అన్నీ కాదు సార్. గోడవైపు సగమే."

ప్లంబర్ సంచిలోంచి సుత్తి, ఉలి తీసి మెట్లవైపు నడిచాడు. ఆమె భర్త మొహం చూసింది. అతను ఆమె మొహం చూశాడు. ఇల్లు పోతే పోయింది, పెద్దాయన పలకలు పగులుతుంటే ఊరుకుని ఉత్తరం కిటికీ దగ్గర ఎలా కూర్చుంటాం అన్న మాట ఇద్దరి కళ్ళలోనూ ఒకటే ఉంది. ఆమె వెళ్ళి మెట్లకు అడ్డంగా నిలబడింది.

"ఆగన్నా! అది చెమ్మ కాదు. ఆంటీ, రంగు ఒలికింది. దాన్ని కప్పబోయి మేమే అలా వేశాం. ఆ నాచు నేనే చల్లాను."

ఇంటావిడ మెల్లగా ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"నీ మనసు మంచిదే తల్లీ. పెద్దాయన మీద జాలితో నింద నెత్తిన వేసుకుంటున్నావ్."

"లేదాంటీ, నిజంగా! ఈయన వేశారు!"

"నేనే వేశాను," అన్నాడతను.

"పెళ్ళాం మాటకి వంతపాడటం కూడా మంచి లక్షణమే బాబూ. కానీ చెమ్మ ఎక్కడైనా చేత్తో వేస్తారా?"

గార్డుగారు కళ్ళు తుడుచుకున్నారు. "నా కోసం మీరు మాటపడొద్దమ్మా. మొన్న మంగళవారం... ఏమో, పంపు కట్టానో లేదో. పగలగొట్టనీ."

"ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది," అన్నాడు ప్లంబర్ నొచ్చుకుని. "నిజం చెమ్మకీ రంగుకీ తేడా తెలీదా?"

"అయితే ఒక పని చెయ్యి," అంది ఇంటావిడ ఆమె భర్తతో. ఆసుపత్రిలో జ్వరమని సెలవడగడానికి వచ్చిన వాళ్ళందరి మీదా వాడిన గొంతు అది. ఎదుటి గోడ వైపు వేలు చూపించింది. "చేత్తో వేశావుగా? అక్కడ ఇంకోటి వేసి చూపించు."

అతను చొక్కా చేతులు మడిచాడు. కొత్త సీసా తీశాడు. ఈసారి ఆమె సూది ముందే పట్టుకుని నిలబడింది. వాష్ పారింది, అంచు కట్టింది. మొదట ప్లంబర్ చేతులు కట్టుకుని చూశాడు. తర్వాత ఒకడుగు ముందుకేశాడు.

"అలా గుండ్రంగా రాదు సార్. మేకు ఉన్నచోట ఆగి, పక్కనుంచి దిగుద్ది."

"ఇలాగా?"

"ఆ, ఇప్పుడు కుదిరింది."

ఇంటావిడ కళ్ళజోడు సర్దుకుంది. "మధ్యలో ఒకటే రంగేంటి? దెబ్బ తగిలిన చోట చూడలేదూ? లోపల ఊదా, దాని చుట్టూ ఆకుపచ్చ, చివర్న పసుపు. ఆ పసుపు ఎక్కడయ్యా?"

అతను పసుపు కలిపాడు. మరకకు ప్రాణం వచ్చింది.

"భూదేవీ, వంటసోడా!" అన్నాడు నలుగురూ ఉన్నారన్న సంగతి మరిచిపోయి. వంటసోడా డబ్బా అందించింది గార్డుగారు. డ్రై బ్రష్ ఎలా చెయ్యాలో చూసి, తానూ కుంచె పట్టి నాలుగు గీతలు రాసి, చిన్నపిల్లాడిలా వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూశారు.

ఇరవై నిమిషాల్లో అయిపోయింది. అయిదుగురూ వరసగా నిలబడి రెండు గోడలనూ మార్చి మార్చి చూశారు.

"అచ్చం అదే," అంది ఇంటావిడ సంతోషంగా. ఆ వెంటనే ఆవిడ చెయ్యి నెత్తి మీదకు వెళ్ళింది. "అయ్యయ్యో! నా రెండో గోడ!"

ప్లంబర్ సుత్తి సంచిలో వేసుకున్నాడు. "నేను ముప్ఫై ఏళ్ళూ నిజం చెమ్మనే చూశానమ్మా. ఇలాంటి గొప్ప చెమ్మ నా సర్వీసులో రాలేదు," అని గుమ్మం దాటాడు. గార్డుగారు పలకలు బతికిపోయిన ఆనందంలో భార్యాభర్తలిద్దరి తలలూ నిమిరి పైకి వెళ్ళిపోయారు.

"ఆంటీ," అంది ఆమె, ఏడుపు ఆపుకుంటూ, "సాయంత్రానికల్లా సర్దుకుంటాం. గోడలకి మళ్ళీ రంగు వేయించే వెళ్తాం."

ఇంటావిడ జవాబు చెప్పేలోపు పదకొండయింది. ఇల్లు చూడ్డానికి రావలసిన జంట వచ్చింది. ఆయనది ఇస్త్రీ నలగని చొక్కా, ఆవిడ చేతిలో కొలతల టేపు. వాళ్ళు గుమ్మంలో నిలబడి ఎడమ గోడ చూశారు. కుడి గోడ చూశారు. ఇద్దరూ ఒకేసారి ముక్కు మూసుకున్నారు.

"వాసన కూడా వస్తోందండీ," అంది ఆవిడ భర్తతో.

"గాలి మాత్రం బాగా వస్తుందనుకుంటా," అన్నాడాయన మర్యాదగా. చెప్పులు కూడా విప్పకుండానే ఇద్దరూ వెళ్ళిపోయారు.

ఇంటావిడ కుర్చీలో కూలబడింది. రెండో గోడ వైపు చూసింది. తర్వాత సంచిలోంచి అగ్రిమెంటు కాయితాలు తీసింది.

"మూడేళ్ళకి రాస్తున్నా," అంది విసుగ్గా. "ఈ అవతారంలో ఉన్న ఇల్లు మీరు కాక ఇంకెవరు తీసుకుంటారు? మధ్యలో ఖాళీ చేస్తామంటే ఊరుకోను, ఇప్పుడే చెప్తున్నా."

"చెయ్యమాంటీ!" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.

"రంగులు వేయిస్తాం ఆంటీ, రెండు గోడలకీ, రేపే!" అన్నాడతను.

"రెండోది ఉండనీ." ఆవిడ సంతకం పెట్టిన చోట ఊదుతూ అంది. "ఆ పసుపు నేను చెప్పింది."

ఆవిడ వెళ్ళాక వాళ్ళిద్దరూ బల్ల దగ్గర పక్కపక్కనే కూర్చున్నారు. రాక్షసుడు ఇంకా బూట్లకు మట్టి లేకుండానే ఎదురుచూస్తున్నాడు. ఆమె టీ పొడి డబ్బా దగ్గరకు లాక్కుంది. వెలుతురు ఎక్కడికీ కదలలేదు. మోచేతులు తగిలీ తగలనట్టు తగిలాయి.

సరిగ్గా నెల్లాళ్ళకు వంటింటి గోడకు చెమ్మ పట్టింది. దాన్ని ఎవరూ వేయలేదు. పైనుంచి చుక్కలు చుక్కలుగా నీళ్ళు దిగుతున్నాయి. ఇద్దరూ పరుగెత్తి ఇంటావిణ్ణి పిలుచుకొచ్చారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, దగ్గరగా వంగి, వెనక్కి జరిగి, తల పక్కకు వాల్చి చూసింది.

"ముందు రెండూ బాగా కుదిరాయి బాబూ. ఇది మాత్రం అంత సహజంగా లేదు."