చక్రంలో చప్పుడు

తప్పంతా ఆ ఉపన్యాసానిది. ఫ్యాక్టరీ గేటు ముందు మహిళా కార్మికుల సభలో మైకు పట్టుకుని, "ఇంట్లో సగం, రోడ్డు మీద సగం, అధికారంలో సగం. అడుక్కోవద్దు, లాక్కోండి" అని గొంతు చించుకున్నాను. చప్పట్లు మోగిపోయాయి. అందులో ఒక జత చేతులు మా ఆవిడవని స్టేజీ దిగేదాకా చూసుకోలేదు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగానే అందుకుంది.

"మా తమ్ముడింటికి వెళ్ళేటప్పుడు సగం దూరం కారు నేను నడుపుతాను."

"ఎందుకూ?"

"రోడ్డు మీద సగం అన్నారుగా."

"అది ఉద్యమం గురించి."

"నేను రోడ్డు గురించే అడుగుతున్నాను."

మా బావమరిది ఊరు పొద్దున్నే బయలుదేరితే చీకటి పడ్డాక చేరే దూరం. మా ఆవిడకి లైసెన్సు వచ్చి చాలా కాలమైంది. అది బీరువాలో హాయిగా నిద్రపోతోంది. నిద్రపుచ్చింది నేనే. స్టీరింగు దగ్గరికి వచ్చేసరికి నేను ఏ నియంతకీ తీసిపోను. సభల్లో నియంతల్ని తిట్టి తిట్టి వాళ్ళ మెళకువలన్నీ వంటబట్టాయి.

కుదరదని చెప్పలేను. చెబితే ఆ సభకొచ్చిన ఆడవాళ్ళందరికీ ఫోన్లు వెళ్తాయి. అందుకని మా యాజమాన్యం ఎప్పుడూ ఏం చేస్తుందో అదే చేశాను. సూత్రప్రాయంగా ఒప్పుకున్నాను.

"తప్పకుండా నడుపు. ముందు కారు దూరప్రయాణానికి తయారవ్వాలి కదా. అంతా చూసి చెబుతాను."

"నేను చూసేశాను. టైర్లలో గాలి పట్టించాను, స్టెప్నీలో కూడా. వైపర్లకి కొత్త రబ్బర్లు వేయించాను. జాకీ తిరగనని మొండికేస్తే నూనె పోశాను. హారను సంగతి చూడక్కర్లేదు, మీరు రోజంతా నొక్కుతూనే ఉంటారు."

ఇక నాకు మిగిలింది కుట్ర ఒక్కటే.

కారు వెనక చక్రానికి ఒక ప్లాస్టిక్ మూత ఉంటుంది. అది ఊడదీసి, గుప్పెడు నట్లు పోసి మళ్ళీ బిగిస్తే, బండి నెమ్మదిగా వెళుతున్నంతసేపూ కటకటకట. వేగం అందుకుంటే నట్లన్నీ అంచుకి అతుక్కుపోయి నోరు మూసుకుంటాయి. మా ఆవిడ వీధుల్లో నెమ్మదిగా నడుపుతుంది. నా వంతు వచ్చేసరికి వంగి నట్లు తీసేస్తాను. అంటే ఆవిడ చేతిలో మాత్రమే కారు ఏడుస్తుంది. ఇంతటి శాస్త్రీయమైన పథకం నా ఉద్యమ జీవితంలో మరొకటి లేదు.

మర్నాడు ఆవిడ కారుని ఇంటి చుట్టూ ఒకసారి తిప్పింది. కటకటకట.

"ఏంటండీ ఆ చప్పుడు?"

"ఏమో మరి. నా చేతిలో ఎప్పుడూ రాలేదే."

గాలి చూస్తానని దిగి, వంగి, నట్లు జేబులో వేసుకుని, నేను ఒక చుట్టు తిప్పాను. కారు పిల్లిలా నడిచింది.

"బండికి కూడా చెయ్యి అలవాటుంటుంది. నువ్వు తొక్కే క్లచ్చు దానికి పడ్డం లేదేమో" అన్నాను జాలిగా.

"అదేమన్నా పాలిచ్చే గేదా, చెయ్యి మారితే తన్నడానికి?"

ఊరుకుంటుందనుకున్నాను. ఊరుకోలేదు. సాయంత్రానికల్లా మెకానిక్కుని తీసుకొచ్చింది. అతని అసలు పేరు ఎవరికీ తెలియదు. ఏమడిగినా "చూద్దాం సార్" అంటాడు కాబట్టి వీధంతా అతన్ని 'చూద్దాం' అనే పిలుస్తుంది. అతను బ్రేకులు విప్పి చూశాడు. సైలెన్సరు దింపి చూశాడు. డిక్కీ ఖాళీ చేయించి, సీట్లు పీకించి చూశాడు. సీట్ల కింద మా అమ్మాయి చిన్నప్పటి చెవి కమ్మ ఒకటి, నేను పారేసుకున్న కళ్ళజోళ్ళు రెండు, పోయినేడాది సమ్మె కరపత్రాల కట్ట దొరికాయి. చప్పుడు మాత్రం దొరకలేదు.

ఇరుగుపొరుగు చేరారు. ఒకాయన ఇంజను పోయిందన్నాడు. ఇంకొకాయన కారే పోయిందన్నాడు. ఈ ప్రయాణం కోసమే వచ్చి మా ఇంట్లో ఉన్న మా అత్తగారు, చెవిలో మిషను సర్దుకుంటూ, "నా మందుల డబ్బా మోగుతోందేమోనే" అని అది కూడా గుమ్మం మీద గుమ్మరించారు.

ఈ హడావిడిలో నా పని నాకుంది. ఆవిడ ఎక్కేముందు నట్లు పోయాలి, దిగగానే తియ్యాలి. వంగడం, లేవడం. నడుం పట్టేసింది. ఆ చక్రంలో గాలి నేను చూసినన్నిసార్లు డాక్టరు కూడా రోగి నాడి చూసి ఉండడు.

"అందరం కూర్చుని ఒక చుట్టు వేద్దాం" అంది మా ఆవిడ చివరికి. "బరువు పడితే ఏమైనా తెలుస్తుందేమో."

ఆవిడ స్టీరింగు ముందు. పక్కన 'చూద్దాం'. వెనక అత్తగారు, అమ్మాయి, నేను. కటకటకట.

"ఇలాంటి చప్పుడుతో నువ్వు హైవే ఎక్కితే ప్రాణాలతో చెలగాటమే" అన్నాను, గొంతులో విచారం పలికించి.

వీధి మలుపులో ఆవిడ కారాపింది. దిగి వచ్చి నా వైపు తలుపు తీసింది.

"మీరు నడపండి."

"ఇక్కడా? ఇంటికి వెళ్ళాక..."

"ఇక్కడే."

"ఒక్క నిమిషం. గాలి చూసి..."

"పొద్దున్నుంచీ గాలే చూస్తున్నారు. ఎక్కండి."

ఎక్కాను. చక్రంలో నట్లు అలాగే ఉన్నాయి. వేగం పెంచితే వాటి నోరు మూతపడుతుంది. కానీ ఆ వీధి నిండా స్పీడు బ్రేకర్లు. వాటిని ధర్నా చేసి వేయించింది నేనే.

కటకటకటకట.

"వినబడుతోందా?" అంది మా ఆవిడ నా వెనక నుంచి.

"ఏది?"

"చప్పుడు."

నా చేతిలో రాదని వీధంతా చాటాను. ఎత్తిన జెండా దించే అలవాటు నాకు లేదు.

"ఏ చప్పుడూ లేదే. నా చేతిలో ఎంత నిశ్శబ్దంగా పోతోందో చూడు."

కటకట మాత్రం ఆగలేదు.

"మీకు వినబడుతోందా?" అని మెకానిక్కుని అడిగింది.

అతను జీవితంలో మొదటిసారి చూద్దాం అనలేదు. "మోగిపోతోందమ్మా" అన్నాడు.

మా అత్తగారు చెవిలో మిషను తీసి చేత్తో పట్టుకున్నారు. "ఇది లేకపోయినా వినబడుతోందే."

"నాన్నా, నీకు నిజంగా వినబడ్డం లేదా?" అంది అమ్మాయి. గొంతులో భయం.

"లేదు" అన్నాను.

మా ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. పెళ్ళయిన కొత్తలో తప్ప అంత మెత్తగా ఎన్నడూ మాట్లాడలేదు.

"ఎన్నాళ్ళ నుంచండీ?"

"ఏమిటి?"

"చెవులు. ఇన్నేళ్ళు మైకుల పక్కన నిలబడితే పోక ఏం చేస్తాయి? పక్కకి ఆపండి. హారను వినబడని మనిషికి బండి ఇవ్వకూడదు. ఇంక సగం సగం మాట వద్దు. దారంతా నేనే నడుపుతాను. మీకంటే నా కష్టం ఎక్కువా?"

"నాకు బాగానే వినబడుతుంది."

"అయితే ఈ చప్పుడు?"

చెవులు బాగున్నాయంటే నట్ల సంగతి ఒప్పుకోవాలి. నట్ల సంగతి దాచాలంటే చెవులు వదులుకోవాలి. యాజమాన్యాన్ని ఎన్నోసార్లు ఇలా గోడకి నొక్కాను గానీ, ఆ గోడ ఇంత గట్టిగా ఉంటుందని తెలియదు.

బయలుదేరిన పొద్దున నేను వెనక సీట్లో, అత్తగారికీ దిళ్ళ మూటకీ మధ్య ఇరుక్కున్నాను. అమ్మాయి ముందు కూర్చుంది. కారు కదిలింది. చప్పుడు లేదు. ఆ నట్లు ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు? అడగడానికి లేదు. వినబడని చప్పుడు ఎందుకు ఆగిపోయిందని ఏ ముఖం పెట్టుకుని అడుగుతాను?

ఊరు దాటగానే మా అత్తగారికి స్వాతంత్ర్యం వచ్చింది.

"వినబడదు కాబట్టి ఇప్పుడు చెబుతున్నానే. మొదటిసారి చూసినప్పుడే ఈ మనిషి నాకు నచ్చలేదు. ముఖంలో నోరు తప్ప ఇంకేమీ కనబడలేదు."

"అమ్మమ్మా, మెల్లగా."

"మెల్లగా ఎందుకే? అదిగో, చెట్లు లెక్కపెట్టుకుంటున్నాడు."

నిజంగానే చెట్లు చూస్తున్నాను. ఇంకెటు చూడను? అంతకంటే మండించిన సంగతి ఇంకొకటుంది. మా ఆవిడ బాగా నడుపుతోంది. లారీల మధ్య నుంచి సూదిలో దారంలా తీసుకుపోతోంది. గేరు మారిన సంగతే తెలియడం లేదు. ఈ లెక్కన ఊరు చేరితే ఆ సీటు ఇక నాకు దక్కదు.

అప్పుడు ఆవిడ అద్దంలో నన్ను ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి అమ్మాయితో అంది.

"చక్రంలో నట్లు పోసిన మహానుభావుడెవరో నాకు తెలుసే. వచ్చే పెట్రోలు బంకు దాటేలోపు తనంతట తాను 'నేనే' అన్నాడనుకో, తిరుగు ప్రయాణమంతా స్టీరింగు అతనిదే. నేను ముట్టుకోను. అనకపోతే మాత్రం ఈ కారు మళ్ళీ అతని చేతికి రాదు."

నాలో నేనే అత్యవసర సమావేశం పెట్టుకున్నాను. పరువు వర్గం లొంగవద్దంది. స్టీరింగు వర్గం లొంగిపొమ్మంది. పరువు వర్గం వాకౌట్ చేసింది. తీర్మానం నెగ్గింది. అయినా చివరి నిమిషం దాకా సాగదీయకుండా సంతకం పెట్టిన చరిత్ర నాకు లేదు. ఇంకా ఎంత సమయం ఉందో కనుక్కుందామని ముందుకి వంగాను.

"ఏ బంకు?" అన్నాను.

అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా అత్తగారు, అంతసేపూ తను అన్న మాటలు గుర్తొచ్చాయేమో, గబుక్కున కళ్ళు మూసుకుని గురక మొదలుపెట్టారు.

మా ఆవిడ ఇండికేటరు వేసి, ముందున్న లారీని తాపీగా దాటింది.

"మీరు ఆలోచిస్తుండగా వెనకపడిపోయిందండీ" అంది.